ఎండాకాలం వంకర పోయే కారు

కోట నుంచి గూడూరు పోయే రోడ్డులో ముత్యాలయ్య నడిపే కారు ఎదురైతే జనం రోడ్డు దిగి నిలబడేవారు. భయంతో కాదు, అలవాటుతో. కారు ఏ పక్కకు వస్తుందో ముత్యాలయ్యకు తెలుసు. దారిన పోయేవాళ్ళకు తెలియదు కనుక రెండు పక్కలా దిగేవారు. గొర్రెలవాళ్ళు మందను తుమ్మల్లోకి తోలేవారు. బండ్లవాళ్ళు ముకుతాళ్ళు బిగబట్టి, దుమ్ము అణిగాక "సరంగు పోయినాడు" అనుకొని మళ్ళీ రోడ్డెక్కేవారు.

సరంగు అన్న పేరు ఊరికే రాలేదు. ముత్యాలయ్య పుట్టింది బకింగ్‌హాం కాలువ ఒడ్డున. ఆ చుట్టుపక్కల దాన్ని ఉప్పుకాలువ అంటారు. అతని తండ్రి పడవ ఆ కాలువ మీద మద్రాసుకు ఉప్పు, సరుగుడు కట్టెలు మోసేది. మీసాలు రాకముందే ముత్యాలయ్య ఆ పడవకు చుక్కాని పట్టాడు. అక్కడ అతను నేర్చుకున్న చదువంతా ఒక్క మాటలో చెప్పవచ్చు: చుక్కాని తిప్పగానే పడవ తిరగదు. పడవ వినాలి. ఖాళీ పడవ త్వరగా వింటుంది, కట్టెలు నిండిన పడవ ఒక తాంబూలం నమిలేదాకా వినదు. అందుకని మంచి సరంగు వంపు కనిపించకముందే చుక్కాని తిప్పి, తమలపాకుకు సున్నం రాసుకుంటాడు.

లారీలు వచ్చి కాలువ బేరం పడిపోయింది. తండ్రి పోయాడు, ఆ వెనకే పడవ ఒడ్డునే పుచ్చిపోయింది. అదే రోజుల్లో కోట దగ్గర నూరెకరాల మాగాణి రైతు హజరత్తయ్య మద్రాసు పోయి, ఇల్లు సర్దుకొని సీమకు పోతున్న ఒక తెల్లదొర దగ్గర యుద్ధానికి ముందరి కారు కొనుక్కొచ్చాడు. కారుతో వచ్చిన డ్రైవరు ఊళ్ళో సినిమాహాలు లేదని నాలుగో రోజే వెళ్ళిపోయాడు. కారు గడ్డివాము పక్కన నిలబడింది. హజరత్తయ్య ఆలోచించి, "చుక్కాని పట్టినోడు స్టీరింగు పట్టలేడా" అన్నాడు. ఊళ్ళో ఆ మాటకు అడ్డు చెప్పగలిగినవాడు ఎవడూ లేడు, ఎందుకంటే ఇంకెవరూ రెండింటిలో ఏదీ పట్టలేదు.

ముత్యాలయ్య పట్టాడు. ఎండిన ఉప్పుమడుల్లో నేర్చుకొని లైసెన్సు తెచ్చుకున్నాడు. పదేళ్ళు గడిచేసరికి ఆ కారు స్టీరింగు ఎంత వదులయిందంటే, చక్రాన్ని జానెడు తిప్పినా ముందు టైర్లు కదిలేవి కావు. ఆ జానెడు దాటాక కారు వినేది. ఇంకొకడైతే మెకానిక్కు దగ్గరకు పోయేవాడు. ముత్యాలయ్యకు అందులో జబ్బేమీ కనిపించలేదు. పడవ కూడా అంతే. మలుపుకు ముందే తిప్పేవాడు, మలుపు వచ్చేసరికి కారు వినేది. తిన్నని రోడ్డులో మాత్రం అది విన్నదీ విననిదీ కలగలిసి, అటు కొంత ఇటు కొంత ఊగుతూ పోయేది.

ఊళ్ళోవాళ్ళు అంతవరకు దగ్గరగా చూసిన కారు అదొక్కటే. కార్లన్నీ అలాగే పోతాయనుకున్నారు.

పేచీ వచ్చింది పంతొమ్మిది వందల అరవై ఒకటి ఎండాకాలంలో. అప్పటికి జిల్లాలో మద్యనిషేధం. తాగడం నేరం, తాగి నడవడం నేరం. తాగి కారు నడపడమూ నేరమే గాని, ఆ పక్క కార్లు లేవు కనుక ఆ నేరానికి అవకాశం తక్కువ. గూడూరు ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డుకు అడ్డంగా వెదురుబొంగు కట్టి, పక్కన తాటాకు పందిరి వేసి, కొత్తగా వచ్చిన మద్యనిషేధం ఎస్సై అక్కడ కూర్చునేవాడు. మనిషి నిక్కచ్చి. కాఫీ తప్ప ఏదీ ముట్టడు. పగలంతా రోడ్డు వంక చూడటమే పని కనుక శ్రద్ధగా చూశాడు.

అతను ఉద్యోగంలో చేరింది కార్తీకంలో. అప్పుడు ముసురు. హజరత్తయ్య కారు తాడు పట్టి గీసినట్టు తిన్నగా వచ్చి తిన్నగా పోయింది. సంక్రాంతి దాటింది, తాటిచెట్లకు ముంతలు కట్టే కాలం వచ్చింది, కారు కొంచెం కొంచెంగా ఊగడం మొదలుపెట్టింది. చైత్రానికి రోడ్డంతా వాడుకుంటోంది. తాటికల్లు ఎక్కువయ్యేకొద్దీ వంకరా ఎక్కువవుతోంది. ఇంతకు మించిన సాక్ష్యం ఏ కోర్టుకైనా ఎందుకు? ఎస్సై బొంగు దించి కారు ఆపాడు.

"దిగు. ఊదు."

ముత్యాలయ్య దిగి ఊదాడు. ఎస్సై ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏం తిన్నావు?"

"సద్దన్నం, ఎండుచేప సార్."

"ఆ వాసన కింద ఏముంది?"

"సద్దన్నం సార్."

"దాని కింద?"

ముత్యాలయ్య నిజాయితీగా ఆలోచించాడు. "రాత్రి తిన్న చేప సార్."

ఎస్సై పక్కన కానిస్టేబులు మస్తానయ్య నిలబడి ఉన్నాడు. చిట్టమూరు వాడు, ఏ ఆజ్ఞ ఇచ్చినా దాన్ని చివరి అక్షరం దాకా అమలు జరిపే మనిషి. అతనూ వాసన చూసి, "చేపను దాటి ముందుకు పోలేకపోతాండాను సార్" అన్నాడు.

"తెలివైనవాడివే," అన్నాడు ఎస్సై ముత్యాలయ్యతో. "కల్లు వాసన చేపతో కప్పేస్తున్నావు. ఇకమీదట వంకరగా వచ్చే ప్రతి బండీ ఇక్కడ ఆగాలి, నడిపేవాడు ఎవడైనా ఊదాలి. మస్తానయ్యా, విన్నావుగా. డ్రైవరూ, ఇంకోసారి నువ్వు వంకరగా వస్తే కేసే. లైసెన్సు రద్దు చేయిస్తా."

లైసెన్సు పోతే ముత్యాలయ్యకు పోయేది జీతం మాత్రమే కాదు. అటు కాలువకు తిరిగిపోదామంటే పడవ లేదు. ఇటు ఊళ్ళో అతనికి ఉన్న చోటల్లా ఆ ముందు సీటే. హజరత్తయ్య ఎదుట ఊరంతా చేతులు కట్టుకొని నిలబడుతుంది. ఆయనకు వీపు పెట్టి కూర్చునే హక్కు ఉన్నది ఒక్క ముత్యాలయ్యకే. ఆ వీపు మీద అతనికి చాలా గౌరవం.

ఇంటికి వచ్చి సంగతి చెబితే హజరత్తయ్య ముందు నమ్మలేదు.

"నువ్వు తాగలేదంటావు. మరి వంకర ఎవరిది? నా కారుదా?"

"నాది కాదయ్యా."

"అంటే నా కారుదే అంటాండావు."

"నేనేమీ అనలేదయ్యా. అది నాతో బాగానే ఉండాది."

హజరత్తయ్య భార్య ఆదిశేషమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. ఆమె కారులో వెనక సీటు మధ్యలో కూర్చొని, ఊగినప్పుడల్లా రెండు చేతులూ చాచి రెండు తలుపులూ పట్టుకునేది. పదేళ్ళలో ఆ భంగిమకు అలవాటుపడి ఎడ్లబండిలో కూడా అలాగే కూర్చునేది.

"ముత్యాలయ్యా, తాగినానని ఒప్పుకో నాయనా," అంది. "మొగోడు తాగినాడంటే నాలుగు రోజులు నవ్వి మరిచిపోతారు. కారుకు వంకర ఉండాదని పేరొస్తే జన్మకు పోదు."

"తాగలేదమ్మా."

"తాగలేదని నాకు తెలుసు. ఒప్పుకోమంటాండా."

ఎటూ తేలక ముత్యాలయ్య భార్య పేరమ్మను పిలిపించారు. ఆమె చేతిలో చేపల తట్ట ఉండగానే వచ్చి గడప బయట నిలబడి సాక్ష్యం చెప్పింది.

"తాగితే నోరు లేస్తాదంటారు గదమ్మా. ఈయన ఇంట్లో నోరు తెరిచి ఎన్నాళ్ళయిందో. ఒక్కరోజు తాగొచ్చి నాతో నాలుగు మాటలు మాట్టాడినా బాగుండు."

ఈ సాక్ష్యం హజరత్తయ్యకు నచ్చింది. ఎస్సైకి తానే స్వయంగా చెబుతానని మర్నాడు పొద్దున కారెక్కాడు. కారు వెదురుబొంగు దగ్గరకు రోడ్డును ఆ చివరి నుంచి ఈ చివరికి కొలుస్తూ వచ్చింది. ఎస్సై పందిరిలోంచి చూస్తూనే ఉన్నాడు.

హజరత్తయ్య దిగి తన పెద్దరికం అంతా చెప్పాడు. ఎస్సై విన్నాడు.

"నాకు జీపు నడపడం వచ్చు," అన్నాడు. "ఈ కారు నేను నడుపుతా. తిన్నగా పోతే తప్పు మీవాడిది."

ఎస్సై టోపీ సరిచేసుకొని చక్రం ముందు కూర్చున్నాడు. ముత్యాలయ్య పక్కన కూర్చున్నాడు. కోట వైపు కొంతదూరం పోయి వెనక్కి తిరిగి రావాలన్నది లెక్క. పోయినంతసేపూ బాగానే పోయింది, ఎందుకంటే అటువైపు రోడ్డు ఎటు తీసుకుపోతే కారు అటు పోయింది. తిరిగి వచ్చేటప్పుడు కారు నెమ్మదిగా ఎడమకు జరిగింది. ఎస్సై కుడికి తిప్పాడు. కారు వినలేదు.

"ఆగండి సార్, వింటాది," అన్నాడు ముత్యాలయ్య.

ఎస్సైకి వినిపించుకునే తీరిక లేదు. ఇంకా తిప్పాడు. అప్పుడు కారు విన్నది. అంతసేపు చెప్పిందంతా ఒక్కసారిగా విని, రోడ్డు దాటి, వెదురుబొంగుకు ఇవతల ఉన్న మొగలిపొదలో సగం దాకా దూరి ఆగింది.

మస్తానయ్య నిదానంగా నడిచి వచ్చి పొద పక్కన అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"ఊదండి సార్."

"ఎవరు?"

"నడిపేవాడు ఎవడైనా ఊదాలన్నారు సార్. తమరే అన్నారు."

మొగలిముళ్ళు రెండువైపులా గుచ్చుకుంటున్నాయి. ఎదురుగా హజరత్తయ్య, ఆ వెనక ఆగిపోయిన రెండు బండ్లవాళ్ళు చూస్తున్నారు. ఎస్సై ఊదాడు. మస్తానయ్య కళ్ళు మూసుకొని తగినంత సమయం తీసుకొని వాసన చూశాడు.

"కాఫీ సార్," అన్నాడు. బండ్లవాళ్ళకు వినబడేట్టు మళ్ళీ చెప్పాడు. "కాఫీయే."

ఎస్సై పొదలోంచి బయటపడి చొక్కా దులుపుకున్నాడు. మనిషి నిక్కచ్చి అన్నది ఇక్కడ కూడా తెలిసింది. "కాఫీ తాగినవాడికీ వంకర వచ్చిందంటే కారులో ఏదో ఉండవచ్చు," అని ఒప్పుకున్నాడు. "కాని నేను కొత్తవాణ్ణి, చేయి తిరక్కపోయి ఉండవచ్చు. కేసు రాసేముందు ఎల్లుండి పొద్దున దాకా టైమిస్తున్నా. తప్పు ఎక్కడుందో నా కళ్ళకు చూపించాలి. చూపించలేకపోతే అది నీలో ఉన్నట్టే."

మర్నాడు గూడూరు నుంచి హెబ్రోనును పిలిపించారు. బస్సుల షెడ్డులో పనిచేసే మెకానిక్కు. ఆదివారం చర్చిలో పాట అందుకునే గొంతు కనుక ఏది మాట్లాడినా వీధి చివరిదాకా వినబడేది. గడ్డివాము దగ్గర ఊరంతా చేరింది. హెబ్రోను గోనెపట్ట పరచుకొని కారు కిందికి దూరాడు. కాళ్ళు మాత్రం బయట మిగిలాయి.

"అన్నా, ఇంజను వద్దు. చక్రం పట్టుకొని అటూ ఇటూ కొంచెం కొంచెం ఊపు," అన్నది కింది నుంచి గొంతు. "పెద్దగా తిప్పబాక. నీ చేతి దగ్గర బయలుదేరిన కదలిక ఒక్కో కీలూ దాటి టైరు దాకా రావాల. ఏ కీలు దగ్గర మాయమైతే ఆ కీలే దొంగ."

ముత్యాలయ్య ఊపాడు. హెబ్రోను ఒక్కో కీలు మీద చెయ్యి వేసి చూశాడు. బయటికి వచ్చి జాకీ పెట్టి ముందు చక్రం లేపాడు. పైనా కిందా పట్టుకొని ఊపాడు. పక్కల పట్టుకొని ఊపాడు. ఊపినప్పుడల్లా చూస్తున్నవాళ్ళు తలలూపారు.

"దొరికిందా?" అన్నాడు హజరత్తయ్య.

"తలా కొంచెం తిన్నారయ్యా. ఈ కీలు ఆవగింజంత, ఆ కీలు పెసరగింజంత. అందరిదీ కూడినా రెండు వేళ్ళకు మించదు. జానెడు పోతాండాది. పెద్దదొంగ ఇంకోడు ఉండాడు."

ముత్యాలయ్యకు ప్రాణం లేచి వచ్చింది. దొంగ కారులోనే ఉన్నాడు. ఇంకా ఉత్సాహంగా ఊపాడు.

హెబ్రోను బానెట్టు ఎత్తించి, స్టీరింగు కడ్డీ దిగువన ఉండే ఇనప పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. స్టీరింగు తిప్పితే ఆ కదలికను టైర్లవైపు మళ్ళించేది ఆ పెట్టే. అది కారు చట్రానికి బోల్టులతో బిగిసి, కదలకుండా ఉండాలి.

"ఊపన్నా."

ముత్యాలయ్య ఊపాడు. హెబ్రోను చెయ్యి తీసి వెనక్కి జరిగి, అందరినీ దగ్గరికి రమ్మన్నాడు. ఊపినప్పుడల్లా ఇనప పెట్టె మొత్తం తల ఆడిస్తోంది. ముందు పెట్టె కదలడం, అది చట్రానికి తగిలాక టైర్లు కదలడం. జానెడంతా అక్కడే పోతోంది.

"దొరికినాడు," అన్నాడు హెబ్రోను. పెట్టెకూ చట్రానికీ మధ్య వేలు పెట్టి ఏదో పీకాడు. తడిసిన కొబ్బరిపీచు వచ్చింది. దాని వెనక గుగ్గిలం ముద్ద. దాని వెనక అరచేతి మందాన నల్లటి చెక్క. "బోల్టులు లేవు. ఎవడు పెట్టినాడో, చెక్క పెట్టుండాడు."

"దాని జోలికి పోబాక," అన్నాడు ముత్యాలయ్య సీట్లోంచి. "అది మంచిదే. నేను పెట్టిందే."

అందరూ చెక్కను వదిలి అతని వంక తిరిగారు. ముత్యాలయ్యే చెప్పుకుపోయాడు. కొన్నేళ్ళ కిందట మల్లాం తిరునాళ్ళకు పోయి వస్తుంటే బోల్టులు తెగిపోయాయి. అక్కడ కమ్మరి లేడు, కొలిమి లేదు, కారులో ఆదిశేషమ్మ ఉంది. రోడ్డు పక్క తుమ్మకొమ్మ నరికి, చెక్కి, సందులో దిగ్గొట్టాడు. పడవ పలకల మధ్య కూరినట్టు పీచు కూరి గుగ్గిలం పూశాడు. నీళ్ళు తగిలితే చెక్క ఉబ్బి బిగుసుకుంటుందని పడవవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అప్పటినుంచి రోజూ పొద్దున బానెట్టు ఎత్తి ముంతెడు నీళ్ళు పోస్తున్నాడు. ఊళ్ళో అందరూ చూశారు. కారుకు దాహమేమో అనుకున్నారు, ఎవరూ అడగలేదు.

హెబ్రోనుకు మొదట అర్థమయింది. "అందుకే వానాకాలం తిన్నగా పోతాది. ఎండాకాలం ఇంజను వేడికి చెక్క ఎండి వదులైపోతాది. అన్నా, పడవ నీళ్ళలో ఉంటాది. ఇది రోడ్డు మీద ఉంటాది."

అప్పటికి ముత్యాలయ్యకూ అర్థమయింది. దొంగ కారులో దొరికాడు, పెట్టింది తాను. తాగుబోతు కాదని తేలింది, కాని కారు పాడుచేసినవాడని తేలింది. స్టీరింగు మీద నుంచి చేతులు తీసి ఒడిలో పెట్టుకున్నాడు. హజరత్తయ్య ముందుకు వంగి చెక్కను పరీక్షగా చూశాడు.

"ఏ తుమ్మ?"

"నల్లతుమ్మ అయ్యా."

"చేవ ఉండిందా?"

"చేవదే చెక్కినానయ్యా."

"చేవ తుమ్మచెక్క పెట్టి, రోజుకు ముంతెడు నీళ్ళా పోసేది?" హజరత్తయ్యకు నిజంగా కోపం వచ్చింది. "ఎండాకాలం బండిచక్రం వదులైతే ఏం చేస్తాం? కాలవలో పడేసి రాత్రంతా నాననిస్తాం. ముంతతో పోస్తామా? నీళ్ళ పక్కన పుట్టినోడివి, ఇంత తెలివి లేదా?"

ఊరంతా ఔనంది. ఎవరిళ్ళలోని చక్రాల సంగతి వాళ్ళు చెప్పారు.

"అయ్యా, బోల్టులు వేస్తే ఈ గొడవే ఉండదు," అన్నాడు హెబ్రోను. "మద్రాసు నుంచి తెప్పిస్తా. వారం పడతాది."

"ఎస్సై రేపు పొద్దున అన్నాడు గదా," అన్నాడు హజరత్తయ్య. " వేసెయ్ చెక్కని వెనక్కి."

ఆ మధ్యాహ్నం కారును ఉప్పుకాలువకు తీసుకుపోయారు. మంచినీళ్ళ కాలువలన్నీ ఎండి ఉన్నాయి, ఉప్పుకాలువలోనే నీళ్ళున్నాయి. మోకులు కట్టి, వెనక నుంచి తోసి, ముందు చక్రాలు మునిగి బానెట్టులోకి నీళ్ళు పోయేదాకా దించారు. దీపాలు రెండూ నీళ్ళ మీద నుంచి అవతలి ఒడ్డును చూస్తున్నాయి. హెబ్రోను, "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు" అని చెయ్యి కడుక్కొని పోబోయి, చివరికేమవుతుందో చూడకుండా పోలేక ఒడ్డున కూర్చున్నాడు. కట్టెల పడవ ఒకటి ఆ దారిన వచ్చింది. సరంగు కారును చూశాడు, ముత్యాలయ్యను చూశాడు.

"కారతాండాదా అన్నా?" అన్నాడు.

"వదులైంది. నానేసినాం."

"ఏం చెక్క?"

"తుమ్మ."

"పొద్దునకు బిగుస్తాదిలే," అని చెప్పి పడవ పోయింది.

పొద్దునకు బిగిసింది. స్టీరింగు రెండు వేళ్ళు తిప్పితే టైర్లు కదిలాయి. ఇంజను మాత్రం కదల్లేదు. హెబ్రోను ఎక్కడ విప్పినా నీళ్ళు కారాయి, ఒకచోట నుంచి చిన్న పీత దిగిపోయింది. టైము లేదు. హజరత్తయ్య ఒంగోలు ఎద్దుల జతను తెప్పించి కారు ముందు కట్టించాడు. ముత్యాలయ్య చక్రం పట్టాడు. ఆదిశేషమ్మ పట్టుచీర కట్టుకొని వెనక సీటు మధ్యలో కూర్చొని రెండు తలుపులూ పట్టుకుంది. హెబ్రోను, హజరత్తయ్య నడిచారు. కారు తిన్నగా వెదురుబొంగు దాకా పోయింది.

ఎస్సై చాలాసేపు ఎద్దులను చూశాడు.

"తిన్నగా వచ్చింది ఎద్దులు," అన్నాడు. "కారని నేనెట్లా నమ్మేది?"

హెబ్రోను బానెట్టు ఎత్తి చెక్కను చూపించాడు. సంగతంతా చెప్పాడు. తడిగా ఉంటే రెండు వేళ్ళు, ఎండితే జానెడు. ఎస్సై చక్రం తిప్పి చూశాడు. రెండు వేళ్ళే. "ఎండితే జానెడు అన్నది నీ మాట. నా కళ్ళతో చూడాలి," అన్నాడు. అందరూ చెక్క ఎండేదాకా కూర్చున్నారు.

బానెట్టు తెరిచి కారును ఎండకు తిప్పి పెట్టారు. ఎద్దులను విప్పి నీడన కట్టారు. పొద్దెక్కింది. ఆదిశేషమ్మ తెచ్చిన పెరుగన్నం పందిరిలో అందరికీ పెట్టింది, ఎస్సైకి కూడా. ఆయన మధ్యమధ్యలో లేచిపోయి చక్రం ఊపి వచ్చేవాడు.

"ఎంత సార్?" అనేవాడు ముత్యాలయ్య.

"మూడు వేళ్ళు."

మళ్ళీ వెళ్ళి వచ్చి, "నాలుగు" అనేవాడు. ఎండ ముదిరింది. వడగాలి మొదలయింది. ఆ రోడ్డున పోయినవాళ్ళు, మద్యనిషేధం వాళ్ళు కారుకు చద్ది పెడుతున్నారని ఊళ్ళో చెప్పుకున్నారు. పొద్దు తిరిగే వేళకు ఎస్సై చక్రం దగ్గర నిలబడి అరచెయ్యి చాచి కొలిచాడు. జానెడు నిండింది. ముత్యాలయ్య వంక తిరిగి చూశాడు. ముత్యాలయ్య పొద్దుటినుంచి పెరుగన్నం తప్ప ఏమీ తీసుకోలేదు.

మస్తానయ్య ఇంతసేపూ ఆలోచిస్తూ ఉన్నాడు. "సార్, మనిషి తాగితే వంకర పోతాడు. ఇది తాగకుంటే వంకర పోతాది," అన్నాడు.

"కేసు లేదు," అన్నాడు ఎస్సై. "బోల్టులు వేయించుకొని రండి."

వారానికి బోల్టులు వచ్చాయి. హెబ్రోను ఇంజను ఆరబెట్టి, ఉప్పు గీకి, పెట్టెను చట్రానికి బిగించాడు, కీళ్ళలో గ్రీజు కుక్కాడు. చిటికెనవేలితో తిప్పితే టైర్లు తిరిగాయి. ఊరు ఊరంతా తిప్పి చూసింది. ముత్యాలయ్య హజరత్తయ్యను ఎక్కించుకొని గూడూరు బయలుదేరాడు. వెదురుబొంగుకు ముందరి మలుపు కంటబడేముందే, ఇన్నేళ్ళ అలవాటు చొప్పున, జానెడు తిప్పాడు. కారు అక్కడికక్కడే విన్నది. ఎస్సై దూరిన మొగలిపొదలోనే, ఆయన కంటే లోతుకు దూరింది.

ఏడాది పొడుగునా చెక్క నెమ్మదిగా ఎండుతుంది, నెమ్మదిగా తడుస్తుంది. ముత్యాలయ్య చేతులు దానితోపాటు నెమ్మదిగా మారేవి. ఈసారి కారు ఒక్కరోజులో మారింది. కారు కార్తీకంలో ఉంది, అతని చేతులు ఇంకా చైత్రంలోనే ఉన్నాయి.

మస్తానయ్య వచ్చి నిలబడ్డాడు. "ఊదన్నా."

ముత్యాలయ్య ఊదాడు. "చేపే సార్," అన్నాడు మస్తానయ్య. ఎస్సై పందిరిలోంచి లేవలేదు. ఇప్పుడు కారులో తప్పులేదు, నోట్లో కల్లు లేదు. ఇక మిగిలింది మనిషే.

హజరత్తయ్య పొదలోంచి దిగి ముళ్ళు తీసుకొని, దారిన పోయే ఎడ్లబండి ఎక్కి ఇంటికి పోయాడు. అది చూసే ముత్యాలయ్య భయపడ్డాడు. సాయంత్రం హెబ్రోను షెడ్డుకు పోయి నిలబడ్డాడు.

"తమ్ముడూ, బోల్టులు తీసెయ్."

"బోల్టు తీసి చెక్క పెట్టమంటావా? నా చేత్తో పెట్టను. రేపు దేవుడడిగితే ఏం చెప్పేది?"

"నీ చేత్తో వద్దు. స్పానరు ఇయ్యి."

హెబ్రోను అతని ముఖం చూసి, స్పానరు ఇచ్చి, అటు తిరిగి నిలబడ్డాడు.

హజరత్తయ్య సంగతి తెలిసి గడ్డివాము దగ్గరకు వచ్చేసరికి ముత్యాలయ్య కొత్త తుమ్మచెక్క చెక్కుతున్నాడు. హజరత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకొని గోటితో గీకి చూశాడు. "ఇది చేవది కాదు," అని, బండి ఇరుసు కోసం అటక మీద దాచుకున్న దుంగలోంచి ముక్క కోయించి ఇచ్చాడు. ఉద్యోగం ఉన్నట్టా పోయినట్టా అని ముత్యాలయ్య అడగలేదు. మర్నాడు కారు తీస్తే హజరత్తయ్య వచ్చి వెనక కూర్చున్నాడు.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళు ముత్యాలయ్య ఆ కారు నడిపాడు. ఒక్క మనిషికీ తగల్లేదు, ఎందుకంటే జనం రోడ్డు దిగడం మానలేదు. తీసిన బోల్టులను పేరమ్మ వలకు బరువుగా కట్టుకుంది, బాగా మునుగుతుందని చెప్పేది. ఎస్సై బదిలీ అయ్యేదాకా ఆ పందిరిలోనే ఉన్నాడు. ఎండాకాలం కారు ఊగుతూ కనిపిస్తే బొంగు దించేవాడు. ముత్యాలయ్య దిగేవాడు కాదు. మస్తానయ్య ప్రభుత్వం వారి ముంతతో నీళ్ళు తెచ్చి, బానెట్టు ఎత్తి, చెక్క మీద పోసి, చక్రం ఎంత వింటోందో అడిగేవాడు.

"నాలుగు వేళ్ళు," అనేవాడు ముత్యాలయ్య.

మస్తానయ్య ఇంకో ముంత తేవడానికి కుండ దగ్గరకు పోయేవాడు.